డ్రైవర్ లేని బండి గుద్దితే జిమ్మేదారీ ఎవరిది?

ఖిలా వరంగల్: సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో 2025 ఆగస్టు నుంచి డ్రైవర్ లేని ఎలక్ట్రిక్ బస్సులు విద్యార్థులను, సిబ్బందిని తిప్పుతున్నాయి. ఆరుగురు కూర్చునేది ఒకటి, పద్నాలుగు మంది కూర్చునేది ఇంకొకటి. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే బస్సు తనంతట తానే బ్రేకు వేస్తుంది, వేగం తగ్గిస్తుంది. వీడియోలు వాట్సాప్‌లో తిరిగాయి, చూసినవాళ్లంతా భలే అనుకున్నారు.

కానీ ఆటో కిస్తీల మీద నడిచే ఇళ్లకు, దుబాయ్‌లోనో రియాద్‌లోనో కొడుకు డ్రైవర్‌గా పనిచేస్తున్న ఇళ్లకు ఇది వింత వార్త మాత్రమే కాదు. ఇలాంటి బండ్లు మన రోడ్ల మీదికొస్తే సేఫ్టీ ఎంత? ప్రమాదం జరిగితే కేసు ఎవరి మీద, పరిహారం ఎవరిస్తారు? డ్రైవర్ల రోజీ ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు ఇప్పటిదాకా దొరికిన జవాబులు ఇవి.

అన్నీ ‘సెల్ఫ్ డ్రైవింగ్’ కావు

మొదట ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఆటోమేటిక్ బండ్లను ప్రపంచమంతా 0 నుంచి 5 వరకు ఆరు లెవల్స్‌గా లెక్కగడుతున్నారు. లెవల్ 0లో అంతా డ్రైవరే. లెవల్ 1, 2లలో బండి కొంత సాయం చేస్తుంది. లేన్ తప్పకుండా స్టీరింగ్ సర్దుతుంది, ముందున్న బండిని బట్టి వేగం మార్చుకుంటుంది, అవసరమైతే బ్రేకు వేస్తుంది. అయినా డ్రైవర్ చూపు రోడ్డు మీద, చెయ్యి స్టీరింగ్ మీద ఉండి తీరాలి. లెవల్ 3లో కొన్ని పరిస్థితుల్లో బండే నడుపుతుంది, పిలిచినప్పుడు మాత్రం మనిషి అందుకోవాలి. లెవల్ 4లో నిర్ణయించిన ప్రాంతంలో మనిషి అవసరమే ఉండదు. లెవల్ 5 అంటే ఎక్కడైనా, ఎప్పుడైనా తానే నడిచే బండి. అలాంటిది ప్రపంచంలో ఎక్కడా ఇంకా రాలేదు.

మన దగ్గర షోరూముల్లో ‘అడాస్’ పేరుతో అమ్ముతున్న కార్లు లెవల్ 2కు మించవు. సేల్స్‌మన్ ఎంత గొప్పగా చెప్పినా అది డ్రైవర్‌కు సాయమే, డ్రైవర్‌కు బదులు కాదు. హైవే మీద స్టీరింగ్ వదిలేసి పక్క సీట్లోకి జరిగి రీల్స్ తీస్తున్నవాళ్లు ఈ తేడా తెలియకే ప్రాణాలతో ఆడుకుంటున్నారు. ఈ ధీమా వల్లనే అమెరికాలో టెస్లా కంపెనీ 2023 డిసెంబర్‌లో 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. ‘ఆటోపైలట్’ వాడేటప్పుడు డ్రైవర్ ధ్యాస రోడ్డు మీద ఉండేలా చూసే ఏర్పాటు సరిపోవడం లేదని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ తేల్చింది.

కందిలో జరుగుతున్నదేమిటి

ఐఐటీ హైదరాబాద్‌లో ‘టిహాన్’ అనే కేంద్రం ఉంది. డ్రైవర్ లేని బండ్లు, డ్రోన్ల మీద పరిశోధన దాని పని. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇచ్చిన 130 కోట్ల రూపాయలతో ఇది మొదలైంది. బండ్లను పరీక్షించే ప్రత్యేక మైదానాన్ని 2022 జులై 4న కేంద్రమంత్రి జితేంద్ర సింగ్ ప్రారంభించారు. బజార్లో అడుగుపెట్టే ముందు బండికి నడక నేర్పే చోటు అది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. క్యాంపస్ రోడ్డు వేరు, బస్తీ రోడ్డు వేరు. క్యాంపస్‌కు గేటు ఉంటుంది, వేగానికి హద్దు ఉంటుంది, దారులు ముందే తెలిసి ఉంటాయి. రైళ్ల సంగతీ అంతే. ఢిల్లీ మెట్రో మెజెంటా లైన్లో 2020 డిసెంబర్ 28 నుంచి డ్రైవర్ లేని రైలు నడుస్తోంది. దుబాయ్ మెట్రో 2009 నుంచీ డ్రైవర్ లేకుండానే నడుస్తోంది. దక్షిణ మధ్య రైల్వేలో ముందుగా అమర్చిన ‘కవచ్’ కూడా లోకో పైలట్ సిగ్నల్ దాటిపోతే తానే బ్రేకు వేస్తుంది. పట్టాల మీద ఇవన్నీ సాధ్యమయ్యాయంటే కారణం ఉంది. మెట్రో పట్టా మీదికి ఆటో రాదు, గేదె రాదు, బంతి కోసం పిల్లోడు ఉరికి రాడు. రోడ్డు మీద ఇవన్నీ వస్తాయి.

కోట దర్వాజా దగ్గర కెమెరాకు ఏం కనిపిస్తుంది?

ఖిలా వరంగల్ సంగతే తీసుకుందాం. కాకతీయుల కాలంనాటి రాతి దర్వాజాల గుండానే మధ్యకోటలోకి దారి. ఆ కాలంలో శత్రువు నేరుగా దూసుకురాకుండా దారిని మెలికలు తిప్పి కట్టారు. మలుపు అవతల ఏముందో ఇవతలివాడికి కనపడదు. అందుకే మన ఆటోవాలా హారన్ కొట్టి, ఒక క్షణం ఆగి, అవతలి నుంచి హారన్ వినపడకపోతేనే ముందుకు పోతాడు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరు వెనక్కి పోవాలో చేతి సైగతో, కంటి చూపుతో తేలిపోతుంది. ఈ రూల్ ఏ పుస్తకంలోనూ ఉండదు.

డ్రైవర్ లేని బండికి నాలుగు ఆధారాలుంటాయి. కెమెరా చూస్తుంది. రేడియో తరంగాలు పంపి దూరాన్ని, వేగాన్ని రాడార్ కొలుస్తుంది. లేజర్ కిరణాలతో చుట్టూ ఉన్నవాటి ఆకారం గీసేది లైడార్. ఉపగ్రహాల సాయంతో తానెక్కడుందో జీపీఎస్ చెబుతుంది. ఎత్తైన రాతి గోడల మధ్య జీపీఎస్ సిగ్నల్ బలహీనపడుతుంది. భారీ వర్షం, దట్టమైన దుమ్ము లైడార్ చూపును చెడగొడతాయి. ఎదురెండ కెమెరా కళ్లు కప్పుతుంది. లేన్ గీతలే లేని దారిలో ‘లేన్ తప్పొద్దు’ అనే సాఫ్ట్‌వేర్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

చూడటం ఒకటి, చూసినదాన్ని గుర్తుపట్టడం మరొకటి. సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టేది తనకు నేర్పిన బొమ్మలను బట్టే. అమెరికా, జర్మనీ రోడ్ల ఫొటోలతో చదువుకున్న సాఫ్ట్‌వేర్‌కు మన ఆటో ఏమిటో తెలియదు. ఈ లోటు తీర్చడానికే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఇంటెల్ కంపెనీతో కలిసి 2018లో ‘ఇండియా డ్రైవింగ్ డేటాసెట్’ తయారు చేసింది. హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన సుమారు 10,000 చిత్రాల్లో ఆటో ఏది, జంతువు ఏది, బండి నడపగలిగే మట్టి అంచు ఏది అని 34 రకాలుగా గుర్తులు పెట్టారు. తెలుగు గడ్డ మీద జరిగిన మంచి పని అది.

అయినా చేయాల్సింది ఎంతో మిగిలే ఉంది. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2023లో పాదచారులను గుర్తించే ఎనిమిది రకాల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. పెద్దలను గుర్తించినంత బాగా అవి పిల్లలను గుర్తించలేకపోయాయి. తేడా దాదాపు 20 శాతం. నల్లటి చర్మం ఉన్నవారి విషయంలోనూ 7.5 శాతం వెనకబాటు కనిపించింది. మరి రాత్రిపూట నల్ల బుర్ఖాలో, చంకన బిడ్డతో రోడ్డు దాటే తల్లి? జుమ్మా నమాజ్ కాగానే ఒక్కసారిగా రోడ్డు మీదికొచ్చే జనం? కాజీపేట దర్గా ఉర్సు రోజు రద్దీ, బతుకమ్మలు ఎత్తుకుని నడిచే ఆడవాళ్ల వరుస? ఇవన్నీ మన రోడ్ల మీద మామూలు దృశ్యాలు. పరీక్షలు వీటి మీద జరగకపోతే ‘పరీక్షలో పాసైంది’ అన్న మాటకు ఇక్కడ విలువ లేదు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లు, 19.5 శాతం నడిచి వెళ్తున్నవాళ్లు. అంటే మూడింట రెండొంతుల మంది కారులో లేనివాళ్లే. కారు లోపలివాళ్లకు ఎంత సేఫ్ అన్నదానికంటే, బయట ఉన్నవాళ్లకు ఎంత సేఫ్ అన్నదే మనకు ముఖ్యం.

రెండు ప్రమాదాలు, రెండు పాఠాలు

2018 మార్చి 18 రాత్రి. అమెరికాలోని టెంపీ పట్టణంలో ఉబర్ కంపెనీ టెస్ట్ కారు, సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న 49 ఏళ్ల మహిళను ఢీకొట్టింది. ఆమె చనిపోయారు. డ్రైవర్ లేని బండి వల్ల పాదచారి మరణించడం అదే మొదటిసారి. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే సెన్సర్లు ఆమెను పసిగట్టాయని అక్కడి జాతీయ దర్యాప్తు సంస్థ తేల్చింది. కానీ సాఫ్ట్‌వేర్ ఆమెను ఒకసారి బండి అనుకుంది, ఇంకోసారి మరేదో వస్తువు అనుకుంది, ఆపై సైకిల్ అనుకుంది. జీబ్రా క్రాసింగ్ లేనిచోట మనిషి రోడ్డు దాటతాడన్న ఊహే దానికి నేర్పలేదు. కారుకు కంపెనీ నుంచే వచ్చిన ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకును టెస్టింగ్ సమయంలో పనిచేయకుండా ఆపేశారు. సీట్లో ఉన్న ఆపరేటర్ ఫోన్ చూస్తూ ఉన్నారు. జీబ్రా క్రాసింగ్ లేనిచోట రోడ్డు దాటడమే రోజువారీ బతుకైన మన ఊళ్లకు ఈ కేసు చాలా దగ్గరిది.

చివరికి శిక్ష ఎవరికి పడింది? ఉబర్ మీద క్రిమినల్ కేసు పెట్టడానికి ఆధారం లేదని 2019లో ప్రాసిక్యూటర్ చెప్పేశారు. ఆపరేటర్ మీద మాత్రం కేసు నడిచింది. 2023లో నేరం ఒప్పుకున్నాక మూడేళ్ల ప్రొబేషన్ పడింది. డిజైన్ చేసినవాళ్లు, బ్రేకు ఆపేయమన్నవాళ్లు కోర్టు గడప తొక్కలేదు. జీతానికి కూర్చున్న మనిషి తొక్కాల్సి వచ్చింది.

రెండోది 2023 అక్టోబర్ 2న, శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. వేరే కారు గుద్దడంతో ఒక మహిళ ఎగిరి, జనరల్ మోటార్స్‌కు చెందిన ‘క్రూజ్’ రోబోట్యాక్సీ ముందు పడ్డారు. ట్యాక్సీ ఆమెను ఢీకొట్టి ఆగింది. ఆ తర్వాత రోడ్డు పక్కకు జరగాలని తానే నిర్ణయించుకుని, కింద చిక్కుకున్న ఆమెను దాదాపు 20 అడుగులు ఈడ్చుకెళ్లింది. మనిషి డ్రైవరైతే దిగి కిందికి చూసేవాడు. ఈడ్చుకెళ్లిన సంగతిని కంపెనీ అధికారులకు పూర్తిగా చెప్పలేదన్నది అంతకంటే పెద్ద గొడవైంది. అక్టోబర్ 24న కాలిఫోర్నియా ప్రభుత్వం పర్మిట్ సస్పెండ్ చేసింది. జరిమానాలు పడ్డాయి. 2024 డిసెంబర్‌లో జనరల్ మోటార్స్ రోబోట్యాక్సీ వ్యాపారమే మానుకుంది.

మొదటి కేసు చెప్పేది: సాఫ్ట్‌వేర్‌కు నేర్పనిది ఎదురైతే ప్రాణం పోవచ్చు. రెండోది చెప్పేది: ప్రమాదం రికార్డు కంపెనీ చేతిలోనే ఉంటే నిజం సగమే బయటికొస్తుంది.

మరి మనిషి తప్పులు చేయడా?

చేస్తాడు. 2022లో దేశంలో రోడ్డు మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం వల్లనే. యంత్రం తాగదు, నిద్రపోదు, ఫోన్ చూడదు, పందేలు కట్టదు. ఫీనిక్స్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి నగరాల్లో ‘వేమో’ కంపెనీ ట్యాక్సీలు డ్రైవర్ లేకుండా రోజూ జనాన్ని తిప్పుతున్నాయి. గాయాలయ్యే ప్రమాదాలు మనుషులు నడిపే బండ్ల కంటే తమ బండ్లకు తక్కువని ఆ కంపెనీ తన లెక్కలు ప్రచురిస్తోంది. అయితే పిల్లలు దిగుతుండగా ఆగిన స్కూల్ బస్సును వేమో కారు దాటి వెళ్లిన ఘటన మీద 2025 అక్టోబర్‌లో అమెరికా ప్రభుత్వం విచారణ మొదలుపెట్టింది కూడా.

కాబట్టి యంత్రం మంచిదా, మనిషి మంచివాడా అన్న వాదన మనల్ని ఎక్కడికీ తీసుకుపోదు. మనిషి చేసే తప్పులు యంత్రం చేయదు, మనిషి చేయని తప్పులు చేస్తుంది. పైగా ఒక డ్రైవర్ తప్పు ఒక బండితో ఆగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే అదే రకం బండ్లన్నిటిలో అదే తప్పు ఉంటుంది. ఈ కొత్త రకం తప్పుకు కొత్త రకం చట్టం కావాలి.

మన చట్టం ఎక్కడుంది

1988 మోటారు వాహనాల చట్టం మొత్తం డ్రైవర్ అనే మనిషి చుట్టూ అల్లినది. సెక్షన్ 3 ప్రకారం లైసెన్స్ లేకుండా ఎవరూ పబ్లిక్ రోడ్డు మీద బండి నడపకూడదు. లైసెన్స్ మనిషికి ఇస్తారు. సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ ఇచ్చే దారి చట్టంలో లేదు. 2019 సవరణలో 2బీ అనే సెక్షన్ చేర్చారు. కొత్త ఆవిష్కరణలు, పరిశోధన కోసం కొన్ని రకాల బండ్లకు చట్టంలోని నిబంధనల నుంచి కేంద్రం మినహాయింపు ఇవ్వొచ్చని అది చెబుతుంది. డ్రైవర్ లేని బండి మన రోడ్డెక్కాలంటే ఇప్పుడున్న తలుపు అదే. ఆ తలుపు తెరిచాక లోపల ఎలా నడుచుకోవాలో చెప్పే ప్రత్యేక చట్టం మాత్రం లేదు.

కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వబోమని 2017లో అన్నారు, 2023 డిసెంబర్‌లో మళ్లీ అన్నారు. డ్రైవర్ల ఉపాధి పోతుందన్నదే ఆయన చెప్పిన కారణం. డ్రైవర్ల ఇళ్లకు ఊరటే. కానీ మంత్రి మాట చట్టం కాదు. మంత్రి మారితే మాట మారొచ్చు.

ఇక ప్రమాదం జరిగితే క్రిమినల్ కేసు సంగతి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 ప్రకారం నిర్లక్ష్యంగా ప్రాణం తీసినవారికి ఐదేళ్ల దాకా జైలు. నిర్లక్ష్యం ఎవరిదో చూపించాలి కదా. కోడ్ రాసిన ఇంజినీరుదా, సెన్సర్ అమ్మినవాడిదా, అప్‌డేట్ చేయించుకోని ఓనరుదా? పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ రాసే రైటర్ ఎవరి పేరు రాయాలి?

పరిహారం విషయంలో పరిస్థితి కొంత మెరుగు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రతి బండికీ తప్పనిసరి. సెక్షన్ 164 కింద తప్పు ఎవరిదో నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగొచ్చు. డ్రైవర్ ఉన్నా లేకపోయినా బండికి ఓనర్, పాలసీ ఉంటాయి కాబట్టి ఈ దారి పనిచేయాలి. కానీ సంపాదించే మనిషి పోయిన ఇంటికి 5 లక్షలు ఎన్నాళ్లొస్తాయి? వయసు, సంపాదన లెక్కగట్టి పూర్తి పరిహారం కావాలంటే సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్‌కు పోవాలి. అక్కడ నిర్లక్ష్యం నిరూపించే భారం బాధితుల మీదే. బండిలోని డేటా కంపెనీ సర్వర్‌లో ఉంటే ఖిలా వరంగల్‌లో ఉన్న ఒక వితంతువు దాన్ని ఎలా తెప్పించుకోగలదు?

కంపెనీని నేరుగా పట్టుకునే దారులు రెండున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యత వహించాలని ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన సెక్షన్ 110ఏ ప్రకారం లోపమున్న బండ్లను రీకాల్ చేయమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. సాఫ్ట్‌వేర్ లోపం కూడా ఈ లోపాల్లోకి వస్తుందని స్పష్టంగా రాసుకుంటే సగం పని అయినట్టే.

బయటి దేశాలు ఏం చేశాయి

జర్మనీ 2021లో చట్టం తెచ్చింది. అనుమతించిన ప్రాంతాల్లో మాత్రమే లెవల్ 4 బండ్లు తిరగాలి, దూరం నుంచి గమనించే బాధ్యుడైన మనిషి ఉండి తీరాలి. బ్రిటన్ 2024లో చేసిన చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. బండి తానే నడుస్తున్నప్పుడు జరిగిన తప్పుకు సీట్లో కూర్చున్న మనిషిని శిక్షించకూడదు, అనుమతి పొందిన కంపెనీయే జవాబు చెప్పాలి. టెంపీ కేసులో జరిగినదానికి ఇది సరిగ్గా ఉల్టా.

మన కుటుంబాలకు అన్నిటికంటే దగ్గరిది దుబాయ్. 2030 నాటికి నగరంలో ప్రయాణాల్లో 25 శాతం డ్రైవర్ లేకుండా జరగాలని అక్కడి ప్రభుత్వం 2016లోనే లక్ష్యం పెట్టుకుంది. 2023లో 9వ నంబర్ చట్టం చేసింది. దాని ప్రకారం ఆర్‌టీఏ లైసెన్స్ లేకుండా ఇలాంటి బండి తిప్పకూడదు. నష్టం జరిగితే ముందు బండి నడిపించే సంస్థ బాధితుడికి పరిహారం కట్టాలి. అసలు తప్పు వేరేవారిదైతే తర్వాత వాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి. బాధితుడు ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని లేదు. మన దగ్గర ఇదే పద్ధతి అడగడంలో అత్యాశ ఏమీ లేదు.

అబుదాబిలో 2021 నుంచే రోబోట్యాక్సీలు మొదలయ్యాయి. రియాద్‌లో 2025లో ట్రయల్స్ పెట్టారు. అంటే గల్ఫ్‌లో డ్రైవర్ వీసా మీద ఆధారపడ్డ ఇళ్లకు మార్పు వరంగల్ కంటే ముందు అక్కడి నుంచే వస్తుంది. ఒక్కరోజులో రాదు. పెద్ద రోడ్లు, ఎయిర్‌పోర్టు రూట్లు, సిటీ ట్యాక్సీలు ముందు మారతాయి. ఇళ్లలో డ్రైవర్లు, సామాను దింపే బండ్లు, రిపేరు పనులు ఆలస్యంగా మారతాయి.

అనుమతి ఇచ్చే ముందు తేలాల్సినవి

తెలంగాణ రోడ్ల మీద ట్రయల్స్‌కు ఎప్పుడు అనుమతి ఇచ్చినా కొన్ని విషయాలు ముందే రాతపూర్వకంగా ఉండాలి. ఏ రోడ్డు, ఏ వేళ, ఎంత వేగం అన్నది జనానికి తెలియాలి. ప్రతి ప్రమాదం రిపోర్టు, బండి డేటా ప్రభుత్వ సంస్థ దగ్గర ఉండాలి, బాధితుడు అడిగితే ఇవ్వాలి. పరిహారం ముందు కంపెనీ కట్టాలి. సీట్లో కూర్చోబెట్టిన ఉద్యోగిని బలిపశువును చేయకూడదు. పిల్లలు, చీకట్లో నడిచేవాళ్లు, పండుగ రద్దీ మీద పరీక్షించి ఫలితాలు బయటపెట్టాలి. ఆటో, క్యాబ్ డ్రైవర్ల సంఘాలను పిలిచి మాట్లాడాలి. వాళ్ల కిస్తీలు తీరకముందే గిరాకీ పోతే ఆ అప్పు ఇంటిమీద పడుతుంది.

ఇప్పుడే మన చేతిలో ఉన్నవి

అడాస్ ఉన్న కారు కొంటే అది ఎక్కడ పనిచేయదో రాసి ఉన్న మాన్యువల్ పేజీని షోరూములోనే చదివించుకోండి. ఇరుకు దారుల్లో, వానలో దాన్ని నమ్ముకోవద్దు. స్టీరింగ్ మీ చేతిలో ఉన్నంతవరకు కేసు మీ మీదే.

ఆటో, కారు, బైకు ఏదైనా సరే, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కరోజు కూడా లాప్స్ కానివ్వొద్దు. ప్రమాదం జరిగితే ఫొటోలు, సాక్షుల ఫోన్ నంబర్లు, ఎఫ్ఐఆర్ కాపీ దాచుకోండి. సెక్షన్ 166 క్లెయిమ్‌కు 2019 సవరణ 6 నెలల గడువు పెట్టింది, దాన్ని దాటనీయొద్దు. గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి. 2025 మేలో వచ్చిన క్యాష్‌లెస్ చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా వైద్యం అందాలి. ఆస్పత్రిలో డబ్బు కట్టే ముందు ఆ సంగతి అడగండి.

గల్ఫ్‌కు డ్రైవర్‌గా పోవాలనుకునే పిల్లలు డ్రైవింగ్‌తో పాటు ఎలక్ట్రిక్ బండ్ల రిపేరో, బ్యాటరీ పనో, ఏదో ఒకటి చేతిలో పెట్టుకుని పోవడం మంచిది. డ్రైవర్ లేని బండికి కూడా టైరు మార్చే మనిషి, సెన్సర్ తుడిచే మనిషి, వైరు సరిచేసే మనిషి కావాలి. వీసా పేపర్ల మీద సంతకం పెట్టే ముందు కాంట్రాక్టు ఎన్నేళ్లది, మధ్యలో పని తీసేస్తే టికెట్, బకాయి జీతం ఎవరిస్తారన్నది రాసి ఉందో లేదో చూసుకోండి.